సబ్బు అని పైకి అనేసిన మా పెద్దమ్మ

మా పెద్దమ్మ ఒకసారి పాస్టరుగారిని ఇస్త్రీ చేసింది. అంగీని కాదు, మనిషిని. అంగీ అప్పటికే ఆయన ఒంటిమీద ఉంది. గంట కొట్టేశారు, ఆరాధన మొదలవబోతోంది, ఆయన అద్దంలో మీసం సర్దుకుంటున్నారు. ఈవిడ వెనకనుంచి చూస్తే నడుం దగ్గర ఒక మడత కనిపించింది. "కదలకండయ్యగారూ" అని ఆయన్ని వస్త్రాల గదిలో బల్లమీద బోర్లా పడుకోబెట్టి, పెట్టె వేడిచేసి, మెడ దగ్గర మొదలుపెట్టి మడమలదాకా ఒక్క ఊపులో లాగేసింది. ఆయన లేచి వెళ్ళి ప్రసంగం చేశారు. ఆ వేళ ప్రసంగం కూడా ఎక్కడా ఎత్తూపల్లం లేకుండా పలకలా వచ్చింది. సగం సంఘం నిద్రపోయింది. మిగతా సగం ఎప్పుడూ నిద్రలోనే ఉంటుంది కాబట్టి తేడా ఎవరూ కనిపెట్టలేదు.

నమ్మనివాళ్ళు నమ్మకండి. బడి మధ్యలో మానేసినవాడి మాటేం మాట అనేవాళ్ళు చాలామంది ఉన్నారు. చివరిదాకా చదివి వాళ్ళేం వెలగబెట్టారో నాకు తెలుసు. వాళ్ళ చొక్కాలన్నీ మా పెద్దమ్మ షాపుకే వస్తాయి.

షాపంటే వీధి మలుపులో ఒక గది. ముందు చెక్క కౌంటరు, వెనక వాషింగ్ మిషన్లు, వాటి పక్కన పాత దుప్పట్లు పరిచిన పొడుగాటి ఇస్త్రీ బల్ల. ఆవిరి పట్టీ పట్టీ గోడలకి సున్నం పొలుసులు పొలుసులుగా రాలుతుంటుంది. పెద్దమ్మ జబ్బలు చూస్తే కుస్తీ పట్లు పట్టే మనిషేమో అనిపిస్తుంది. నోరు తెరిస్తే ఆ అనుమానం తీరిపోతుంది. జీవితమంతా ఊళ్ళోవాళ్ళ కాలర్లు చూస్తూ బతికింది కాబట్టి మనుషులమీద ఆవిడకి పెద్ద భ్రమలేం లేవు. "మొహం అందరూ కడుక్కుంటార్రా. మెడ ఎవడు కడుక్కుంటాడో అది చూడాలి" అంటుంది. మా సంఘంలో మెడ కడుక్కునేవాళ్ళు ఎవరో ఆవిడకి తెలుసు. చెప్పదు. వాళ్ళని చూసే చూపులోనే ఉంటుంది.

మాది లూథరన్ సంఘం. పుస్తకం చూసి లేస్తారు, పుస్తకం చూసి కూర్చుంటారు. చర్చికి నిప్పంటుకున్నా, ఆరాధన క్రమంలో "ఇప్పుడు అందరు పరుగెత్తవలెను" అని అచ్చేసి ఉంటే తప్ప ఒక్కడూ కదలడు. ముందు బెంచీలు ఖాళీ, వెనక బెంచీల్లో తోపులాట. కుర్చీ విరిగితే బాగుచెయ్యడానికి ఒక కమిటీ. ఆ కమిటీ ఎందుకు కూర్చోలేదో కనుక్కోవడానికి ఇంకో కమిటీ. అది కూర్చోకపోవడానికి కారణం కుర్చీ విరగడం.

ఇలాంటివాళ్ళకోసం మా పెద్దమ్మ ఊహ తెలిసినప్పటినుంచీ చాకిరీ చేస్తోంది. ప్రభువు బల్లమీద పరిచే తెల్లగుడ్డ, పాస్టరుగారి అంగీ, అన్నిటికంటే ముఖ్యంగా గిన్నె తుడిచే గుడ్డలు. అప్పట్లో మా సంఘమంతా ఒకే వెండి గిన్నెలో ద్రాక్షరసం తాగేది. ప్రభువు బల్ల ముందున్న కమ్మీ దగ్గర వరసగా మోకరిస్తారు, పాస్టరుగారు ఒకళ్ళకి తాగించి, అంచు గుడ్డతో తుడిచి, కొంచెం తిప్పి పక్కవాళ్ళకి అందిస్తారు. ఆ గుడ్డల్ని పెద్దమ్మ షాపు మిషన్లో పడెయ్యదు. చేత్తోనే. మొదట జాడించిన నీళ్ళని మోరీలో పొయ్యదు, చర్చి వెనక మట్టిలో పోస్తుంది. అందులో ప్రభువుది ఒక చుక్కయినా ఉంటుందని. మోరీలో పోస్తే ఏమవుతుందని ఒకసారి అడిగాను.

"నువ్వవుతావ్" అంది.

ఇంతా చేసి ఆవిడకి సంఘంలో ఉన్న మర్యాదేంటయ్యా అంటే, ఏం లేదు. గొంతెత్తి పాడితే పక్క బెంచీ పాట ఆపేస్తుంది. స్త్రీల కూడికలో ప్రార్థన చెయ్యమంటే "ఆయనకి అన్నీ తెలుసు, నేను మళ్ళీ చెప్పడమెందుకు" అని కూర్చుంటుంది. మళ్ళీ ఎవరూ అడగలేదు. వస్త్రాల గదిలో ఒక బీరువా ఉంది, దాని తాళం ఆవిడ నడుముకి వేలాడుతుంటుంది. ఆ బీరువా ముందున్న జానెడు నేలే ఆ సంఘంలో ఆవిడ చోటు. అది పోతే ఆవిడ అక్కడ ఎవరూ కాదు. ఈ సంగతి ఆవిడకి తెలుసు. ఊరికే తాళం తడుముకుంటుంటే నాకూ తెలిసేది.

ఆ తాళానికి ఎసరు పెట్టింది లిప్‌స్టిక్.

టైల్స్ షాపాయన పెళ్ళాం ఉంది. ఆవిడ ప్రతి ఆదివారం పెదాలకి రంగు కాదు, గోడకి డిస్టెంపర్ వేసినట్టు వేసుకొస్తుంది. గిన్నె అంచుమీద ఆవిడ వచ్చివెళ్ళిన గుర్తు ఉండేది, గుడ్డమీద ఉండేది, ఒకసారి పాస్టరుగారి బొటనవేలిమీద ఉండి ఇంట్లో పాస్టరమ్మగారికి సంజాయిషీ చెప్పుకోవలసొచ్చింది. మా పెద్దమ్మ ఆ మరకల్ని మరిగే నీళ్ళతో, సోడాతో, శాపనార్థాలతో ఉతికి ఉతికి, చివరికి ఒక ఆదివారం చర్చి మెట్లమీద పట్టుకుంది.

"ఏమమ్మా, ఆ పూత ప్రభువుకి చూపిద్దామనా? ఆయన ఇంతకంటే ఎర్రటివి చూశాడు. తుడుచుకుని రా."

"ఆంటీ! అసలు ఒకే గిన్నెలో అందరి ఎంగిలీ తాగడమేంటి? రోగాలు రావూ?" అంది టైల్సావిడ. ఆవిడ మా పెద్దమ్మకంటే పెద్దది. అయినా ఆంటీ అంటుంది.

"ఎంగిలితో వచ్చే రోగమైతే ఈ పాటికి సంఘమంతా పోయుండేది. పోలేదుగా, చూడు, ఎలా ఉన్నారో" అంది పెద్దమ్మ, మెట్లు దిగుతున్నవాళ్ళని గడ్డంతో చూపిస్తూ. అలా ఉన్నారు మరి.

వారం తిరక్కుండా టైల్సాయన పెద్దల కమిటీలో తీర్మానం పెట్టాడు. ఇకమీదట గిన్నె వద్దు, వేలెడంత గాజు కప్పులు, మనిషికొకటి. కప్పుల్ని తోమడానికి టైల్సావిడ నాయకత్వంలో స్త్రీల బృందం. మామూలుగా మా కమిటీకి కిటికీ తెరవాలంటేనే ఏడాది పడుతుంది. దీనికి మాత్రం అందరూ చెయ్యెత్తారు. టైల్సాయన పాస్టరుగారి స్నానాలగదికి కొత్త టైల్స్ వేయించి ఇస్తున్నాడన్న సంగతికీ దీనికీ సంబంధం లేదని పాస్టరుగారే నాతో అన్నారు. నేను అడగలేదు.

గిన్నె లేకపోతే తుడిచే గుడ్డలు లేవు. గుడ్డలు లేకపోతే బీరువా దేనికి, తాళం దేనికి? "ఆ తాళం మా బృందానికి ఇచ్చెయ్యండాంటీ, ట్రేలు పెట్టుకోవాలి" అని టైల్సావిడ అడగనే అడిగింది. "బల్లగుడ్డ ఉందిగా ఇంకా" అని పెద్దమ్మ మొహం తిప్పుకుంది. ఆ ఒక్క గుడ్డ పట్టుకుని వేలాడింది పాపం, అంత జబ్బలున్న మనిషి.

ఇప్పుడు సబ్బు సంగతి. ఆ గాజు కప్పులు ఎంత సన్నగా ఉంటాయంటే లోపలికి వేలు పట్టదు. స్త్రీల బృందం వాటిని నిమ్మకాయ వాసనొచ్చే ఖరీదైన సబ్బునురగలో ముంచి, పైపైన ఒకసారి నీళ్ళు చల్లి, ఎంతో భక్తిగా ట్రేల్లో బోర్లించేది. అడుగున సబ్బు అలాగే ఉండిపోయేది. దానిమీద ద్రాక్షరసం.

మొదటి ఆదివారం నేను వెనక నిలబడి మొహాలు చూశాను. కమ్మీ దగ్గర ఒక్కొక్కడూ గుటకవేసి, కళ్ళు పెద్దవి చేసి, మళ్ళీ వినయంగా మూసుకుంటున్నాడు. వేరే ఏ జాతి మనుషులైనా ఛీ అని ఉమ్మేవాళ్ళు. మావాళ్ళు అలా చేస్తారా? చిన్నప్పటినుంచీ అయ్యగార్లు వీళ్ళ బుర్రల్లోకి ఎక్కించిందేంటి? అయోగ్యంగా ఆ రసం తాగినవాడికి అది తీర్పవుతుందని. అంతే. ప్రతివాడూ తన పాపంవల్లే తన నోటికి చేదుగా తగిలిందనుకున్నాడు. పక్కవాడు ప్రశాంతంగా మింగుతున్నాడు కాబట్టి వాడు నీతిమంతుడనుకున్నాడు. పక్కవాడు వీడి గురించి అదే అనుకున్నాడు. సంఘం మొత్తం సబ్బు తాగి, ఎవడికివాడు రహస్యంగా కుమిలిపోయాడు.

అబ్బో, ఇక చూడాలి ఆ వారాలు! రిటైరైన లెక్కల మేష్టారు ఎన్నో ఏళ్ళుగా మాట్లాడని తమ్ముడింటికి వెళ్ళి, గుమ్మంలో నిలబడి తప్పు నాదేరా అన్నాడు. ఆర్గన్ వాయించే ఆవిడ అత్తగారికి పక్కగదిలో మంచం వేసి పిలుచుకొచ్చింది. పక్కింటి కోడిని దాచినవాడొకడు తెల్లారేసరికి రెండు కోళ్ళు తిరిగిచ్చాడు, రెండోది ఎవరిదో వాడికీ తెలీదు. ముందు బెంచీలు నిండాయి. పాస్టరుగారు ఇదంతా తన ప్రసంగాల మహిమే అనుకుని "సంఘంలో ఉజ్జీవం వచ్చింది, చల్లారిన భక్తి మళ్ళీ రాజుకుంది" అని మైకులో ప్రకటించి, మధ్యలో ఒక ఎక్కిలి పెట్టారు. మిగిలిపోయిన రసాన్ని పారబొయ్యకూడదు, ఆయనే తాగాలి. అంటే అందరికంటే ఎక్కువ సబ్బు తాగిన మనిషి ఆయనే. ఆ ఎక్కిళ్ళలో బుడగలు వచ్చేవని నేనంటాను. మీ ఇష్టం.

మా పెద్దమ్మ ఆ ఆదివారాలన్నీ కమ్మీ దగ్గరికే వెళ్ళలేదు, అలిగి. చివరికి పెద్దనాన్న నచ్చజెప్పాడు. ఆయన బస్సు డ్రైవరు, ఎవరితోనూ వాదించడు, హారన్ కొడతాడంతే. "ప్రభువుమీద అలుగుతావా, టైల్సావిడమీద అలుగుతావా? ఒకళ్ళని తేల్చుకో" అన్నాడు. ఈవిడ తేల్చుకుని వెళ్ళింది. మోకరించింది. ట్రేలోంచి కప్పు తీసుకుంది. తాగింది. నాలుక అంగిలికి ఆనించి ఒకసారి చప్పరించింది. ఇస్త్రీ పెట్టె వేడి చూడ్డానికి తడివేలితో తాకినట్టు.

"సబ్బు" అంది.

గొణగలేదు, అరవలేదు. కౌంటరుమీద "చొక్కా ఒకటి" అన్నట్టు అంది. మా చర్చి పుట్టినప్పటినుంచీ ఆ కమ్మీ దగ్గర ఆమెన్ తప్ప ఇంకో మాట వినపడలేదు. ఆర్గన్ ఆగిపోయింది. వెనకనుంచి ఎవడో "అవునా? అందరికీనా?" అన్నాడు. ఇక ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకోవడం మొదలైంది. ఆ చూపుల్లోనే ఉజ్జీవం కాస్తా గాలి తీసిన ట్యూబులా కూలబడింది. లెక్కల మేష్టారు ఆ సాయంత్రమే తమ్ముడింటికి వెళ్ళి, అన్న మాట వెనక్కి తీసుకుంటున్నానని చెప్పొచ్చాడు. అత్తగారి మంచం మళ్ళీ మడతపడింది. రెండో కోడి కోసం మనిషి వచ్చాడు.

వాళ్ళకి కోపం సబ్బుమీద రాలేదు. సబ్బు అన్న మనిషిమీద వచ్చింది. ప్రభువు బల్లని అవమానించిందట. కమిటీ పిలిచింది. వచ్చే ఆదివారం సంఘం ముందు నిలబడి క్షమాపణైనా చెప్పాలి, బీరువా తాళమైనా ఇచ్చెయ్యాలి.

"తాళం వాళ్ళ మొహాన కొట్టిరా పెద్దమ్మా! ఇన్నేళ్ళు చాకిరీ చేసింది చాలదా ఈ దద్దమ్మలకి?" అన్నాను షాపులో.

"మూసుకుని ఆ దుప్పటి అంచు పట్టుకో."

"నువ్వేమంటావ్ పెద్దనాన్నా?"

"తాళం ఇచ్చేస్తే ఆదివారాలు కూడా ఇంట్లోనే ఉంటుంది రా. నా సంగతి కూడా ఆలోచించండి" అన్నాడాయన.

పెద్దమ్మ నవ్వలేదు. ఆ దుప్పటిని మడతపెట్టిందే మళ్ళీ విప్పి మడతపెట్టింది. వెళ్ళి ఏమంటావని అడిగితే, "ఏమంటానో నాకేం తెలుసు. అబద్ధమైతే చెప్పలేను. తాళమైతే ఇవ్వలేను" అంది. అప్పుడు భయమేసింది నాకు. ఆవిడ గొంతులో ఎప్పుడూ ఉండే ఆ ఇనుము లేదు.

కమిటీ గదిలో నేనూ దూరాను. పొమ్మన్నారు, వినపడనట్టు కూర్చున్నాను, చదువులేనివాడికి అదొక సౌకర్యం. బల్లకి ఆ చివర టైల్సాయన, పక్కన భార్య, ఈ పక్క పాస్టరుగారు. మామూలుగా అక్కా అని పిలిచే టైల్సాయన ఆ వేళ గొంతు సవరించుకుని భాష మార్చాడు.

"సహోదరీ, సంఘంలో ఎంతో ఉజ్జీవం వచ్చింది. ఒక్క మాటతో ఆర్పేశావు."

"సబ్బుతో వచ్చింది, నీళ్ళకి పోయింది" అంది పెద్దమ్మ.

"చూశారా అయ్యగారూ, ఆ నోరు!" అంది టైల్సావిడ. "మేం ఎంత భక్తితో కడిగామండీ ఆ కప్పులు!"

"భక్తితోనే కడిగారు. నీళ్ళతో కూడా కడగాల్సింది."

"క్షమాపణ చెప్తావా, చెప్పవా?" టైల్సాయన బల్ల గుద్దాడు.

"చెప్తాను. సబ్బు లేకపోతే చెప్తాను." పెద్దమ్మ నడుముకున్న తాళం విప్పి బల్లమీద పెట్టింది. చెయ్యి మాత్రం దానిమీదినుంచి తియ్యలేదు. "అయ్యగారూ, మిగిలిందంతా మీరే తాగుతారు. మీరు చెప్పండి. లేదంటే లేదు. తాళం ఇక్కడే వదిలి వెళ్ళిపోతాను."

పాస్టరుగారు నీళ్ళు నమిలారు. ఆయన కళ్ళముందు స్నానాలగది టైల్స్ కదులుతున్నాయని ఆ మొహమే చెప్తోంది. ఇంత చదువుకున్నాయన, మూడు భాషల్లో వాక్యం చదవగలిగినాయన, సబ్బుకీ రసానికీ తేడా చెప్పడానికి కిటికీవైపు చూశారు, పైకప్పువైపు చూశారు. పైనుంచి ఏ సాయమూ రాలేదు. లోపలినుంచి ఒక ఎక్కిలి వచ్చింది.

"నేనూ... నా ప్రార్థనా జీవితంలో ఏదో లోపం ఉందనుకున్నానమ్మా" అన్నారు.

పెద్దమ్మ టైల్సాయనవైపు తిరిగింది. "నీకెలా ఉందయ్యా?"

"నాకేం... కొంచెం ఘాటుగా..."

"ఘాటుగానా? ఇంట్లో చెప్పలేదే!" అంది పెళ్ళాం.

"నేననుకున్నానూ..." ఆయన చొక్కా గుండీతో ఆడుకుంటున్నాడు. "బీటలున్న టైల్స్ కొన్ని స్కూలుకి అంటగట్టానే, దానికనుకున్నా."

టైల్సావిడ మొహంలో ఆ వేళ రంగు పెదాలమీద మాత్రమే మిగిలింది. పెద్దమ్మ తాళం తీసి మళ్ళీ నడుముకి కట్టుకుని, కుర్చీ బల్ల కిందికి తోసి, బయటికి వచ్చేసింది. క్షమాపణ ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

మొన్న షాపులో చొక్కా కోసం నిలబడ్డ ఒకాయనకి ఈ కథంతా చెప్పాను. కొత్తగా వచ్చిన మనిషి, నోరు తెరుచుకుని వింటున్నాడు. అలాంటివాళ్ళు దొరకడమే కష్టం. చివర ఇలా ముగించాను: "అయ్యా, ఆ మర్నాడే కప్పులన్నీ గోతిలో పూడ్చేశారు. టైల్సావిడ వచ్చి ఇదిగో ఇక్కడే, ఈ కౌంటరు ముందే, మా పెద్దమ్మ కాళ్ళమీద పడింది. సంఘమంతా బయట వీధిలో మోకరించింది. వెండి గిన్నె మళ్ళీ సింహాసనం ఎక్కింది. ఇన్నేళ్ళ సేవకి మా పెద్దమ్మ గెలిచింది!"

పెద్దమ్మ ఆయన చొక్కా కాలరు తిరగేసి చూసి, పెట్టె దానిమీద ఆనించింది. తల ఎత్తకుండానే అంది:

"ఎవరూ ఎవరి కాళ్ళమీదా పడలేదు. గిన్నె ఉంది, కప్పులూ ఉన్నాయి. ఎవరికి కావలసినదాంట్లో వాళ్ళు తాగుతున్నారు. రెండూ నేనే కడుగుతున్నాను."